డాష్‌బోర్డు చీకటైతే మీటర్ మార్చేయాల్సిందేనా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లపాలయ్యాయి. ఇంజిన్ బాగుచేయించి నడుపుకుంటున్న కార్లలోనూ ఆ తడి దెబ్బ నెలల తర్వాత బయటపడొచ్చు. డిజిటల్ మీటర్ ఉన్నట్టుండి ఆరిపోతుంది, లేదంటే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు కలిసి వెలుగుతాయి. "మీటర్ పోయింది, కొత్తది వేయాలి" అని ఎవరైనా అంటే వెంటనే సరేననకండి.

పాత కార్లలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ తిరిగితేనే స్పీడు ముల్లు కదిలేది. ఇప్పుడు స్పీడు, ఇంజిన్ వేడి లాంటి వివరాలను బండిలోని చిన్న కంప్యూటర్లు, మెలివేసిన రెండు తీగల మీద సందేశాలుగా పంపుతాయి. ఈ పద్ధతి పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది. మీటర్ చాలావరకు తానుగా ఏదీ కొలవదు, విన్నది చూపిస్తుంది అంతే. కాబట్టి తప్పు పంపేచోట ఉందా, దారిలో ఉందా, మీటర్‌లోనే ఉందా అన్నది ముందు తేలాలి.

కీ ఆన్ చేయగానే హెచ్చరిక లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోతే మీటర్‌కు కరెంటు అందుతున్నట్టే. ఏమీ వెలగకపోతే బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ చూడాలి. తెర నల్లగా ఉంటే దానిమీద సెల్‌ఫోన్ టార్చి వేయండి. అంకెలు మసగ్గా కనిపిస్తే పోయింది వెనక లైటే.

తర్వాత స్కానర్. యూ0155 అనే కోడ్ వస్తే మీటర్ మాట మిగతా కంప్యూటర్లకు అందడం లేదని అర్థం. మీటర్ చెడిందని కాదు! ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. బ్యాటరీ తీగ తీసేసి, స్టీరింగ్ కింద ఉండే స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా బండ్లలో 60 ఓమ్‌లు రావాలి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి ఆ లెక్క. 120 వస్తే ఒకవైపు తెగింది, సున్నా దగ్గరుంటే తీగలు కలిసిపోయాయి. వరదలో తడిసిన బండి అయితే కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడమనండి. ఆటోనగర్‌లో మంచి వైరింగ్ మెకానిక్ అడగకుండానే చూస్తాడు.

అప్పటిదాకా బండి బయటికి తీయొద్దు. ఇంజిన్ వేడెక్కినా, ఆయిల్ తగ్గినా మీకు తెలియదు.

మీటర్ మార్చక తప్పకపోతే, పాత రీడింగ్ ఫొటో తీసి బిల్లు మీద కూడా రాయించుకోండి. తిరిగిన కిలోమీటర్లు మీటర్‌లోని చిప్‌లో ఉంటాయి. వేరే కారు మీటర్ బిగిస్తే ఆ కారు లెక్కే చూపించొచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు సర్వీసు రికార్డులతో పోల్చుకోవాలి. కీ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగలేదంటే, ఎవరో దాన్ని పీకేసి ఉండొచ్చు.