చర నక్షత్రాలు

భూమి నుండి చూసినపుడు ప్రకాశంలో హెచ్చుతగ్గులు కనబడే నక్షత్రాలను చర నక్షత్రాలు లేదా చరతారలు అంటారు. ఈ మార్పులకు కారణాలు ప్రధానంగా రెండు విధాలు.

బాహ్య కారణాలు

కొన్ని నక్షత్రాల ప్రకాశం గ్రహణం వలన తగ్గుతుంది. పర్సియస్ మండలంలోని ఆల్గాల్ ఇందుకు ఉదాహరణ. ఇది ఒకదాని చుట్టూ మరొకటి పరిభ్రమించే జంట నక్షత్రం. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి కాంతి తక్కువగా గల నక్షత్రం రెండవదానికి అడ్డు వచ్చి, మొత్తం ప్రకాశం దాదాపు మూడవ వంతుకు పడిపోతుంది. ఇంగ్లండులో జాన్ గుడ్రిక్ 1783లో ఈ కాలాన్ని లెక్కించి, గ్రహణమే కారణం కావచ్చునని సూచించాడు.

అంతర్గత కారణాలు

మరికొన్ని నక్షత్రాలు స్వయంగా సంకోచ వ్యాకోచాలు చెందుతాయి. డెల్టా సెఫై వంటి సెఫీడ్ తారలు సంకోచించినపుడు, ఉపరితలానికి దిగువనున్న హీలియం పొర వేడెక్కి, ఎలక్ట్రానులను కోల్పోయి, లోపలి నుండి వచ్చే కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది. అలా నిలిచిపోయిన శక్తి పొరను వెలుపలికి నెడుతుంది. వ్యాకోచించి చల్లబడిన పొర మరల పారదర్శకమై, శక్తిని విడిచి కుంగిపోతుంది. డెల్టా సెఫైలో ఈ చక్రం 5.37 రోజులకు పూర్తవుతుంది.

ప్రాముఖ్యత

ఆవర్తన కాలం ఎక్కువైన కొద్దీ సెఫీడ్ నిజ ప్రకాశం కూడా ఎక్కువగా ఉంటుందని హెన్రియెటా లెవిట్ 1912లో వెల్లడించింది. నిజ ప్రకాశాన్ని కనబడే ప్రకాశంతో పోల్చి దూరాన్ని లెక్కించవచ్చు. 1923లో ఆండ్రోమెడాలో కనుగొన్న సెఫీడ్ ఆధారంగా ఎడ్విన్ హబుల్, అది పాలపుంతకు వెలుపలనున్న వేరొక గెలాక్సీ అని తేల్చాడు.