తప్పు చెప్పెడి పనిముట్టు

బట్టలు ఉతుకు యంత్రములోను, మైక్రోవేవు పొయ్యిలోను మైక్రోకంట్రోలరు అనెడి చిన్న చిప్పు పనిచేయుచున్నది. దానికి పని చెప్పుట నేర్వవలెనని ముచ్చటపడు పిల్లలు నేడు అనేక గృహములలో నున్నారు. వారికి మొదట ఎదురగు ప్రశ్నలు రెండు: ఏ కంపైలరు? ఏ లైబ్రరీ?

మనము సీ భాషలో వ్రాసినదానిని చిప్పు గ్రహించెడి ఒకట్లు, సున్నలుగా మార్చునది కంపైలరు. ఇతరులు ముందే వ్రాసియుంచిన ప్రోగ్రాము భాగముల కూర్పు లైబ్రరీ. ఇది అంగడిలో కొన్న సాంబారుపొడి వంటిది. పని త్వరగా ముగియును. కాని అందేమి కలిసినదో పొట్లముపై చదివియే తెలిసికొనవలెను.

ముందు చిప్పును చూడవలెను. 2010లో వెలువడిన ఆర్డ్వినో ఊనో బోర్డుపై నున్నది ఏటిమెగా 328 చిప్పు. ప్రోగ్రామునకు 32 కిలోబైట్లు, నడుచునపుడు మారెడి విలువలకు 2 కిలోబైట్లు మాత్రమే అందు చోటు కలదు. దానికి తగిన కంపైలరు జీసీసీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో దీనిని మొదట విడుదల చేసెను. ఇది ఉచితము, ఆర్డ్వినో సాధనములతోనే లభించును. ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 జాతి చిప్పులకు ఎస్‌డీసీసీ అను ఉచిత కంపైలరు కలదు.

మా అనుభవ మొకటి చెప్పెదము. మిద్దెమీది నీటితొట్టి మోటారును ఆపుటకు ప్రోగ్రాము వ్రాసితిమి. పది సెకనుల గడువు పెట్టి పరీక్షింపగా మోటారు సరిగా ఆగెను. నిమిషమునకు పెంచగా ఆగనే లేదు, తొట్టి పొర్లిపోయెను. నిమిషమనగా 60,000 మిల్లీసెకనులు. ఆ చిప్పుపై సీ భాషలోని ‘ఇంట్’ 32,767 వరకే పట్టును. మేము వ్రాసిన 60,000 అందు పట్టక ఋణసంఖ్యగా మారెను. కంపైలరు దీనిని ముందే చెప్పగలదు. హెచ్చరికలు కనబడకుండ ఉంచినవారము మేమే!

కనుక ప్రారంభకులు పదిమంది వాడు ఉచిత కంపైలరును ఎన్నుకొని, హెచ్చరికలన్నియు తెరచియుంచవలెను. లైబ్రరీలలో చిన్నదియు, ఉదాహరణలు గలదియు, మూలపాఠము చదువ వీలైనదియు, నేటికిని సవరింపబడుచున్నదియు గ్రహింపవలెను. మొదట లైబ్రరీతో ఒక దీపమును వెలిగించి, పిమ్మట చిప్పు వివరపత్రము చూచి, లైబ్రరీ లేకయే వెలిగించి చూడుడు. రెండు ప్రోగ్రాములకును ఎన్ని బైట్లు పట్టినవో పోల్చిన, సౌకర్యమునకు మనము చెల్లించెడి వెల తెలియును. తప్పును దాచని పనిముట్టే తొలి గురువని మా అభిప్రాయము.