గ్రామఫోను ప్లేట్లు

ఇప్పుడు పాట వినవలెనన్న నెవరికిని శ్రమ లేదు. చేతిలోని ఫోనును తాకినంతనే వేలకొలది పాటలు పలుకును. అయినను ఇంత సులభముగా దొరకు పాటను మనము విననే వినము. కూర తరుగుచు, బట్టలు మడచుచు, సగము చెవితో విని, ఒకటి ముగియకమునుపే మఱియొకదానికి పోవుదుము. ఇట్టి కాలమున మరల గ్రామఫోను ప్లేట్ల నేరి కొని దాచుకొనువారు బయలుదేరుట విడ్డూరముగా దోచవచ్చును. అమెరికాలో 2020 వ సంవత్సరమున ప్లేట్ల యమ్మకమువలన వచ్చిన సొమ్ము కాంపాక్టు డిస్కుల సొమ్మును మించెను. మన దేశమునను పాత ప్లేట్లకై సంతలు గాలించువారు గలరు. వీరిది వట్టి వేడుక కాదని మా యభిప్రాయము.

ప్లేటు నొకమారు చేతికి తీసికొని చూడుడు. 1887 లో ఎమిల్ బెర్లినరు అనునతడు కనిపెట్టిన యీ చదునైన ప్లేటును మొదట పలు పదార్థములతో చేసి చూచి, తుదకు లక్కను ఎన్నుకొనిరి. ఏటికొప్పాక బొమ్మలకు నిగ్గును, లాడ్‌బజారు గాజులకు రూపును ఇచ్చు లక్కయే యిది. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు విడుచు బంకను శుద్ధిచేసి, రాతిపొడియు మసియు కలిపి, వేడిమీద అచ్చొత్తుచుండిరి. కంటికి వలయములవలె దోచునవి నిజమునకు వెలుపలినుండి లోపలికి పోవు ఒకే గాడి. ఆ గాడిలోని సన్నని వంకరలే పాట. ముల్లు వానివెంట కదలగా సౌండుబాక్సులోని పొర యదరి, బూరనుండి ధ్వని వచ్చును. పాతకాలపు పెట్టెకు విద్యుత్తు అక్కఱలేదు. కీ యిచ్చిన చాలును.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది యంగుళముల ప్లేటులో ఒక ప్రక్కకు పట్టునది సుమారు 3 నిమిషముల పాటయే. గంటసేపు రాగమును పెంచి పాడగల విద్వాంసులు తమ విద్యను ఆ కొద్ది కాలములో నిముడ్చవలసివచ్చెను. ఇది లోపమని కొందఱందురు. మాకు మాత్రము పెరుగు చిలికి వెన్న తీసినట్లు తోచును. వినువారికిని ఒక కట్టుబాటు కలదు. ప్రక్క ముగియగానే లేవవలెను, ప్లేటు త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, కీ యీయవలెను. ఇంత పని చేసి పెట్టుకొన్న పాటను ఎవరును పెడచెవిని పెట్టరు.

మన దేశపు ప్లేట్ల చరిత్రలో స్త్రీలకు గల స్థానము సోదరీమణులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గు అను ఇంజనీరు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను పట్టెను. అప్పటికి మైకు లేదు. గాయని బూరలోనికి గొంతెత్తి పాడవలెను. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవరులో తయారగుచుండెను గనుక, అక్కడి పనివారు గుర్తించుటకై ఆమె పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే పలికెడిది. నూఱేండ్లు దాటినను ఆ పలుకులోని ధీమా తగ్గలేదు. కులస్త్రీ నలుగురిలో పాడుట తప్పని తలచిన దినములలో ప్లేట్లకు తొలుత పాడినవారిలో పెక్కుమంది ఆమెవంటి వృత్తిగాయనులును, దక్షిణమున దేవదాసీలును. వారి పాట వినుటకు సభకు పోవుటకు వీలులేని ఇల్లాండ్రకు, వారి గొంతులే ప్లేట్లపై నెక్కి ముంగిలి దాటి వచ్చినవి. వంటయింటి తలుపుచాటున నిలిచి సంగీతము నేర్చినవారు మన ముత్తవ్వలలో నుండియుందురు.

పిదప చిన్నబిడ్డలును పాడిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి తొలి ప్లేటు 1926 నాటిది. అప్పటి కామె వయస్సు పదేండ్లు. రావు బాలసరస్వతీదేవి ఆఱేండ్లకే ప్లేటుకు పాడినది. శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ గీతము ఊరూర నెఱుకపడుటకు టంగుటూరి సూర్యకుమారి ప్లేటే ముఖ్యకారణము. ఇక కపిలవాయి రామనాథశాస్త్రి పద్యముల ప్లేట్లు! నాటకము చూడనివారును ఆ రాగము తీసెడివారు.

1948 లో అమెరికాలో వినైలు అను పదార్థముతో నిమిషమునకు 33 చుట్లకు పైచిలుకు తిరుగు పెద్ద ప్లేటు వచ్చెను. ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాడును. 1963 లో వెలువడిన సుబ్బులక్ష్మి సుప్రభాతమును, 1974 లో దివంగతుడైన ఘంటసాల గానము చేసిన భగవద్గీతయు తెలుగువారి యిండ్లకు వచ్చినది ఇట్టి ప్లేట్లమీదనే.

కాపాడుట కష్టము కాదు గాని తెలిసి చేయవలెను. లక్క ప్లేటు గాజువంటిది, జాఱిన ముక్కలగును. వినైలు పగులదు గాని గీత పడును. రెంటిని నిలువుగా నుంచవలెను. ఎండ తగులుచోటును పొయ్యి సమీపమును పనికిరావు. మకిలి పట్టిన లక్క ప్లేటును స్పిరిటుతో తుడువరాదు, లక్క స్పిరిటులో కరగును. తడిపి పిండిన మెత్తని గుడ్డతో గాడివెంట గుండ్రముగా తుడిచి, నడిమి కాగితమునకు తడి తగులనీయక, నీడను ఆరబెట్టవలెను. ఉక్కుముల్లును ఒక ప్రక్కకు మించి వాడరాదు. లక్కలోని రాతిపొడి ముల్లును అరగదీయును, అరిగిన ముల్లు గాడిని కోయును. 78 చుట్ల ప్లేటుకు చేసిన లావుపాటి ముల్లును వినైలుపై పెట్టిన నొక్కమారుతోనే పాట చెడును.

ప్లేట్లను వేడిచేసి వంచి పూలకుండీలుగా మార్చు చేతిపని యొకటి బయలుదేరినది. చూచుటకు ముచ్చటగా నుండునందురు. మాకు మాత్రము తాళపత్రములు చింపి బుట్టలల్లినట్లుండును. మదరాసులో పాత పుస్తకములకును ప్లేట్లకును పేరుపొందిన మూరు మార్కెటు 1985 లో కాలిపోయెను. అగ్ని చేసిన నష్టమున కెవరేమి చేయగలరు? కాని అటక దులుపునపుడు బరువుగా నున్నదని పెట్టెను పాతసామాన్లవానికి వేయుట మన చేతిలోని పని. అన్ని పాటలకును మూలపు అచ్చులు మిగిలిలేవు. కొన్నిటికి ఎవరి యింటనో మిగిలిన ఒకటి రెండు ప్లేట్లే యాధారము.

కనుక అటకపై అట్టి పెట్టె యున్నచో దింపి చూడుడు. పాట పేరు, పాడినవారి పేరు, కాగితముపైని సంఖ్య, కాగితము చుట్టునున్న నున్నని భాగమున చెక్కిన అంకెలు, ఇవి యన్నియు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. తెలిసినవారిచేత పాటను కంప్యూటరులోనికి ఎక్కించుకొన్నచో ప్లేటునకు అరుగుదల తప్పును. ఏ ప్లేటు ఎవరు కొనిరో, ఏ వేడుకకు వచ్చినదో ఇంటి పెద్దలు చెప్పగలిగియున్నప్పుడే అడుగవలెను. పాత కవరులను చినిగినవని పారవేయవలదు. పెక్కింటి వెనుక సిరాతో పేర్లును, పెండ్లి తేదీలును వ్రాసియుండును.