నగరంలో పచ్చదనం - నేల నేర్పే పాఠం

మన హైదరాబాదు నగరంలోని పేటల పేర్లను ఒక్కసారి స్మరించుకొందాం. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి, మూసారాంబాగ్, తలాబ్‌కట్ట, మాసాబ్ ట్యాంక్, బతుకమ్మ కుంట. ‘బాగ్’ అనగా తోట అనీ, ‘తలాబ్’ అనగా చెరువు అనీ ఉర్దూ సోదరులకు చెప్పనక్కర లేదు. ‘కుంట’ అనే మాటకు తెలుగు మిత్రులకు అర్థం చెప్పనక్కర లేదు. ఈ రెండు భాషలనూ ఒకే కప్పు కింద అభ్యసించే మనకు ఈ పేర్లన్నీ కలిసి ఒక్క సంగతి చెబుతున్నవి. ఈ నగరం తోటల నడుమ, చెరువుల నడుమ పెరిగిన నగరం. గోలకొండ రాణి హయాత్ బక్షీ బేగంను ప్రజలు ‘మా సాహెబా’ అని గౌరవించేవారు. ఆమె పేరిట వెలసిన తలాబే కాలక్రమాన మాసాబ్ ట్యాంక్ అయినది. నేడు ఆ కూడలిలో వాహనాల రద్దీ కనిపిస్తుంది గాని చెరువు కనిపించదు. పేరు మిగిలినది, నీరు పోయినది.

నగరాలను పచ్చగా తీర్చిదిద్దాలన్న మాట నేడు ప్రతి సభలోనూ వినిపిస్తున్నది. అయితే పచ్చదనం అనగానే మనలో పెక్కుమందికి రోడ్డు మధ్యన పూలమొక్కలు, గోడలపై తీగలు, ఫొటో కొరకు నాటిన మొక్క స్ఫురణకు వస్తవి. పచ్చదనం నగరానికి అలంకారం కాదనీ, అది నేలకూ నీటికీ చెట్టుకూ నడుమ ఉన్న సంబంధమనీ మా అభిప్రాయం. ఆ సంబంధం తెగిన చోట ఎన్ని మొక్కలు నాటినా ప్రయోజనం స్వల్పం. ఈ విషయాన్నే యథాశక్తి వివరించడానికి ప్రయత్నిస్తాం.

మన పూర్వులు నగరానికి ముందే నీటిని గురించి ఆలోచించారు. హైదరాబాదు నగర నిర్మాణం 1591లో జరిగినది. హుస్సేన్ సాగర్ అంతకు సుమారు మూడు దశాబ్దాల మునుపే, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో రూపొందినది. 19వ శతాబ్ది ఆరంభంలో నిర్మించిన మీర్ ఆలం చెరువు కట్ట వరుసగా పేర్చిన 21 కమానులతో నేటికీ ఇంజనీర్లకు ఆశ్చర్యం కలిగిస్తున్నది. పై చెరువు నిండితే ఆ నీరు అలుగు దాటి కాలువ వెంట కింది చెరువును చేరేది. ఇటువంటి గొలుసుకట్టు చెరువులు వరదను ఆపేవి, వేసవికి నీటిని దాచేవి, బావులలో ఊట నిలిపేవి.

నీటిని అలక్ష్యం చేస్తే ఏమగునో 1908 సెప్టెంబరు 28న మూసీ నది చూపినది. ఆనాటి వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలోని ఒక చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వృక్షం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. చెట్టు మనిషిని కాపాడుతుందన్న మాట మన నగరంలో అలంకారం కాదు, జరిగిన సంగతి.

ఆ విపత్తు అనంతరం నాటి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ఆహ్వానించినది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీపై 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. వరదను అరికట్టిన ఆ జలాశయాలే నగరానికి తాగునీటిని ఇచ్చినవి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదును విడువలేడని జనం ఊరకనే చెప్పుకొన్నారా! వరద అనే ఆపద నుండి తాగునీరు అనే సంపదను సాధించడమే ఆనాటి ప్రజ్ఞ.

ఇక నేల చేసే పనిని లెక్కతో పరిశీలిద్దాం. మన నగరంలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. ఎకరం నేల 4,047 చదరపు మీటర్లు. ఈ రెంటినీ హెచ్చవేస్తే ఒక్క ఎకరంపై ఏడాదిలో కురిసే నీరు సుమారు 32 లక్షల లీటర్లని తేలుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల వంతున ఇది 65 మందికి సంవత్సరం పొడవునా సరిపోయే నీరు. ఇందులో కొంత ఆవిరి కాగా, కొంత పారిపోగా, నాలుగవ వంతు మాత్రమే భూమిలో ఇంకినప్పటికీ 8 లక్షల లీటర్లు మనకు దక్కినట్లే. అదే ఎకరాన్ని సిమెంటుతో కప్పినచో దాదాపు నీరంతా నిమిషాలలో వీధికి ఉరుకుతుంది. పల్లపు ప్రాంతపు ఇండ్లలో అది వరద అగును. నాలుగు నెలల అనంతరం మనమే ట్యాంకరు కొరకు ఎదురు చూస్తాం. వానాకాలపు ముంపు, ఎండాకాలపు కరువు రెండు వ్యాధులు కావు, ఒకే వ్యాధికి రెండు లక్షణాలు.

2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు ఈ సత్యం మరొకసారి తెలిసివచ్చినది. బార్కస్ సమీపాన పల్లె చెరువు, బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీలోని కాలనీలు జలమయమైనవి. మన కళాశాల విద్యార్థులలో పుస్తకాలు, ధ్రువపత్రాలు నీటిపాలైన వారున్నారు. వారికి ఇది పర్యావరణ శాస్త్రంలోని ఒక అధ్యాయం మాత్రమే కాదు.

చెట్టు విషయానికి వద్దాం. చెట్టు నీడ నిచ్చునని పసిబిడ్డ యెరుగును. అయితే ఆకులు చేసే పని నీడతో ముగియదు. వేళ్ళు తీసుకొన్న నీటిని ఆకులు ఆవిరిగా విడుస్తవి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన వేడిని పరిసరాల నుండి గ్రహిస్తుంది. చక్కగా నీరందిన ఒక మహావృక్షం రోజుకు 100 లీటర్లు విడువగలదు. అనగా ఒక టన్ను ఏ.సి. యంత్రం దాదాపు 19 గంటలు పనిచేసి తొలగించే వేడిని ఆ చెట్టు నిశ్శబ్దంగా తొలగిస్తున్నది. పైగా ఏ.సి. యంత్రం గదిలోని వేడిని వీధిలోని రిక్షావాని ముఖాన విసురుతుంది. చెట్టు అట్లు చేయదు. అయితే ఇందులో ఒక షరతు ఉన్నది. నేలలో తేమ ఉంటేనే చెట్టు ఈ పని చేయగలదు. మొదలు చుట్టూ సిమెంటు పోసి, చెట్టు నుండి చల్లదనం కోరడం ఆవుకు మేత మాని పాలు ఆశించడం వంటిది.

మన నగరం ఈ దిశలో కృషి చేయలేదని అనజాలం. 2015లో రాష్ట్రంలో హరితహారం ఆరంభమైనది. 158 కిలోమీటర్ల వలయ రహదారి వెంట పెంచిన పచ్చదనానికి గాను 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజు నగరంలో హైదరాబాదుకు ప్రపంచ హరిత నగర పురస్కారం లభించినది. ఇది గర్వకారణమే. అయితే అదే 2022 ఏప్రిల్‌లో మరొకటి జరిగినది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో వెలువడిన 111వ ఉత్తర్వులోని ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వచ్చినది. ఒక చేత మొక్క నాటుతూ మరొక చేత వాగు దారిని వదులుకొనడం ఎంతవరకు సమంజసమో విజ్ఞులు యోచింతురు గాక!

నిరాశకు తావు లేదనడానికి అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట నిదర్శనం. ఏండ్ల తరబడి పూడికతో, చెత్తతో కప్పబడిన ఆ స్థలాన్ని 2025లో తవ్వగా కొద్ది లోతులోనే నీరు ఊరినది. ఆ యేడే కుంట మరల కుంట అయినది. నేల తన పనిని మరువలేదు, మరచినది మనమే.

ఇక మన కళాశాల సంగతి. ప్రతి సంవత్సరం వనమహోత్సవం నాడు మనం ఉత్సాహంతో మొక్కలు నాటుతున్నాం. వేసవి సెలవులలో నీరు పోసే దిక్కు లేక వాటిలో అధిక భాగం ఎండుతున్నవి. మరుసటి యేడు అదే గుంతలో మరొక మొక్క! ప్రధాన ద్వారం చెంతనున్న ముసలి వేప మాత్రం ఎవరి పూనిక లేకనే తరతరాల విద్యార్థులకు నీడనిస్తున్నది. వర్షాకాలంలో బురద కారణంగా వాహనాలకు ఇబ్బంది కలుగుతున్నందున, ఆ వేప చుట్టూ ఉన్న ఆవరణ అంతటినీ సిమెంటుతో పరచాలనే ఆలోచన ఉన్నదని విన్నాం. బురద బాధ వాస్తవమే. పాలకవర్గం వారి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. అయితే ఆవరణ అంతా మూయకనే ఆ బాధ తీరే మార్గాలున్నవి.

వాహనాలు నడిచే బాట మేరకు మాత్రమే సందులు విడిచి రాతిపలకలు పరచవచ్చును. మిగిలిన చోట కంకర చల్లవచ్చును. మేడపై కురిసిన నీటిని గొట్టాల ద్వారా ఒక ఇంకుడు గుంతకు మళ్ళించవచ్చును. ఆ గుంతలో అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, ఆ పైన ఇసుక నింపితే చాలును. వేప మొదలు చుట్టూ మట్టిని విశాలంగా విడువవలెను. రాలిన ఆకులను తగులబెట్టక ఒక మూల గుంతలో వేస్తే ఎరువు అగును. మొక్కల విషయంలో సంఖ్యను తగ్గించి శ్రద్ధను పెంచుదాం. ఐదు వందలకు బదులు ఇరవై చాలును. వేప, కానుగ, నేరేడు, చింత వంటి మన నేలకు అలవడిన మొక్కలనే ఎంచుకొందాం. ఒక్కొక్క మొక్కను నలుగురు విద్యార్థులకు అప్పగించి, మూడు వేసవులు గడిచేవరకు బాధ్యత వారిదే అందాం. ఇంటర్మీడియట్‌లో నాటిన విద్యార్థి వెళ్ళిపోతూ తన మొక్కను తమ్మునికో చెల్లెలికో అప్పగించిపోవాలి.

ఆ చింతను ఎవరు నాటారో నేడు ఎవరికీ తెలియదు. నాటినవాడు తన చెట్టు 150 మందిని కాపాడునని ఊహించి ఉండడు. మొక్క తిన్నగా ఎదగడానికి కాస్త మట్టి, కాస్త నీరు, దానిని నరకని మనుషులు చాలినవి. ఆ మూడింటినీ మన ఆవరణలో సమకూర్చగలిగితే, నగరాన్ని పచ్చగా చేసే పనిలో మన వాటా మనం నెరవేర్చినవారమగుదుము. కమిటీ పెద్దలు ఆవరణ విషయాన్ని మరొకసారి ఆలోచించవలసినదిగా సవినయంగా మనవి చేస్తున్నాం. గుంతలు తవ్వడానికి పలుగు, పార పట్టుకొని మేము సిద్ధంగా ఉన్నాం.