అవతార్‌కు చీర కట్టగలరా?

హాస్టల్ గదిలో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె. నా ఇల్లు అంతే. రాత్రయితే మాత్రం ‘సెకండ్ లైఫ్’లో నా పెంకుటింటి వసారాకి ఉయ్యాల బల్ల తగిలించేదాన్ని! 2003లో మొదలైన ఈ వర్చువల్ ప్రపంచంలో దుస్తులు, ఫర్నిచర్ చాలావరకు వాడేవాళ్లే తయారుచేసి, లిండెన్ డాలర్లకు అమ్ముకుంటారు.

మీరూ చేయొచ్చు. ఉచితంగా దొరికే బ్లెండర్‌తో మొదలుపెట్టండి. అయితే ఒక మాట. నా మొదటి ఉయ్యాలకు గొలుసులో ప్రతి రింగునూ విడిగా చెక్కా. ముచ్చటగా వచ్చింది. ఒక్కరూ కొనలేదు. అక్కడ ప్రతి స్థలానికీ ఒక పరిమితి ఉంటుంది. ఉయ్యాలే అంతా తినేస్తే కుర్చీకి చోటేదీ? గొలుసు తీసేసి, సన్నటి పలక మీద గొలుసు బొమ్మ అతికించా. బరువు దిగింది.

చీర కుచ్చిళ్లూ అంతే. కొన్నే మడతలుగా చెక్కండి, మిగతావి టెక్స్చర్‌లో నీడలుగా చూపండి. అవతార్ నడిస్తే మోకాలు చీరలోంచి పొడుచుకు రాకూడదు. అసలు పరీక్ష అదే, ఓపిక కావాలి.

గేమ్ ఆర్టిస్ట్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు అందమైన రెండర్ ఒక్కటే పెట్టకండి. వైర్‌ఫ్రేమ్, పాలిగాన్ల సంఖ్య కూడా చూపండి. నా పోర్ట్‌ఫోలియోలో ఆ రెండు ఉయ్యాలలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.