పది కోళ్లకు వంద చుక్కలు

పాల డబ్బులు మగవాళ్ల చేతికి వస్తాయి. ధాన్యం డబ్బులు ఇంటికి రాకముందే అప్పులవాళ్ల పద్దులోకి వెళ్లిపోతాయి. గుడ్ల డబ్బులు మాత్రం సరాసరి ఇల్లాలి పోపులడబ్బాలోకే చేరతాయి. పిల్లాడి నోటుపుస్తకాలు, అమ్మాయి జడకు రిబ్బన్లు, పుట్టింటికి వెళ్లడానికి బస్సు చార్జీలు, చీటీకి తక్కువపడిన వంద రూపాయలు... ఒకరి ముందు చెయ్యి చాచకుండా ఇవన్నీ గడిచిపోయేది ఆ డబ్బులతోనే. పల్లెల్లో చాలామంది ఆడవాళ్లకు తమదంటూ చెప్పుకోగలిగిన ఆస్తి పెరట్లో తిరిగే ఆ నాలుగు కోళ్లే.

ఇది ఏదో పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఉన్న సుమారు 85 కోట్ల కోళ్లు, బాతుల్లో దాదాపు 32 కోట్లు ఇలా ఇళ్ల దగ్గర పెంచుకునేవే. 2012 నాటి లెక్కతో పోలిస్తే ఇవి దాదాపు 46 శాతం పెరిగాయి. ఊరూరా ఫారాలు వచ్చినా పెరటి కోడి ఎక్కడికీ పోలేదన్నమాట. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి బయట కాస్త స్థలం కొనుక్కున్నవాళ్లు కూడా ఇప్పుడు సరదాకి కోళ్లు పెంచుతున్నారు.

మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా పెరట్లో పన్నెండు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పెద్ద ఫారమేమీ కాదు. ఇంట్లో తినగా మిగిలిన గుడ్లు అమ్ముతాను. ఈ నాలుగేళ్లలో నాకు బాగా తెలిసివచ్చిన విషయం ఒక్కటే. కోళ్లను పెంచడం ఒక ఇంటి పని, వాటిని బతికించుకోవడం మాత్రం వీధంతా కలిసి చేయాల్సిన పని. అదెలాగో చెప్పేముందు పెంపకం సంగతులు నాలుగు చెప్పుకుందాం.

ఏ కోడి మేలు?

నాటుకోడి పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెడుతుంది. విడతకు పది నుంచి పదిహేను పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. మొత్తం మీద ఏడాదికి యాభై, అరవై గుడ్లు. తక్కువే అనిపిస్తుంది కానీ తనే పొదిగి, తనే పిల్లల్ని తిప్పి, గద్ద నీడ కనిపిస్తే కేకవేసి రెక్కల కింద దాచుకుంటుంది. ఆ చాకిరీకి మనం జీతం ఇవ్వక్కర్లేదు. నాటుగుడ్డుకు ధర కూడా ఎక్కువే పలుకుతుంది.

హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. రంగు ఈకలతో చూడ్డానికి నాటుకోళ్లలాగే ఉంటాయి. వనరాజ మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, ఏడాదికి వందకు పైగా గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ నూటయాభైకి పైగా పెడుతుంది. రాజేంద్రనగర్‌లోనే పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన రాజశ్రీ రకం కూడా ఇలాంటిదే. అయితే ఇవి నాటుకోళ్లలా పొదుగుకు కూర్చోవు. పిల్లల్ని కొనుక్కోవాలి, మొదటి అయిదారు వారాలు మనమే తల్లిలా వెచ్చగా చూడాలి. బరువుగా ఉండే వనరాజ కుక్క తరిమితే గోడెక్కలేదు.

అందుకే మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. గుడ్ల కోసం గ్రామప్రియ, పొదుగుకు నాటుపెట్ట. నాటుపెట్ట కింద గ్రామప్రియ గుడ్లు పెట్టినా అది భేదం చూపించదు.

మేత సగం పెరట్లోనే ఉంది

పొద్దున్నే వదిలితే కోళ్లు పురుగులు, గడ్డిగింజలు, లేత ఆకులు ఏరుకుని సగం కడుపు నింపుకుంటాయి. సాయంత్రం గూటికి చేర్చేముందు గుప్పెడు నూకలో, తవుడో, జొన్నలో వేస్తే చాలు. ఆ గుప్పెడు గింజలు వేయడంలో ఇంకో లాభం ఉంది. ఆ వేళకు అన్నీ ఒక్కచోటికి చేరతాయి. ఏది రాలేదో, ఏది ముడుచుకుని కూర్చుందో అప్పుడే కనిపెట్టవచ్చు.

పిల్లలకు బలమైన తిండి కావాలంటే ఖర్చులేని పద్ధతి ఒకటుంది. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కుక్కి చెదలు తిరిగేచోట బోర్లించండి. ఒకటి రెండు రోజుల్లో కుండ నిండా చెదపురుగులు చేరతాయి. దులిపితే పిల్లలు పోటీలుపడి తింటాయి. నీళ్లతొట్టిలో అజొల్లా పెంచి వేసేవాళ్లూ ఉన్నారు. గుడ్డు పెంకు మెత్తగా వస్తుంటే సున్నం తక్కువైందని అర్థం. నత్తగుల్లలు, వాడేసిన గుడ్డుపెంకులు బాగా ఎండబెట్టి, పొడిచేసి మేతలో కలపండి. నీళ్ల చిప్ప మాత్రం రోజూ కడగాలి.

గూడు పెద్దదిగా లేకపోయినా ఫరవాలేదు. తడి లేకుండా, గాలి ఆడేట్టు, నేలకు కాస్త ఎత్తులో ఉండాలి. ముంగిస, పిల్లి దూరని తలుపు ఉండాలి. కోళ్ల దగ్గర పనయ్యాక, గుడ్లు ఏరాక సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు కూడా అలవాటు చేయండి.

పొదుగుకు పెట్టేటప్పుడు

పెట్ట సైజును బట్టి పది, పన్నెండు గుడ్లు పెట్టండి. ఆశపడి ఇరవై పెడితే అంచుల్లోవి చల్లబడి చెడిపోతాయి. వారంలోపు పెట్టిన తాజా గుడ్లయితే మంచిది. పొదిగేసిన ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డును టార్చిలైటుకు అడ్డంపెట్టి చూడండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల కట్టినట్టు. ఖాళీగా, తేటగా ఉంటే తీసేయండి. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికి వస్తాయి.

కొనుక్కొచ్చిన పిల్లలకయితే తల్లి రెక్కల బదులు బల్బు పెట్టాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్‌ వేడి ఉండాలి, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా నొక్కుకుంటే చలేస్తోందని, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడెక్కువైందని, అంతటా చెదిరి తిరుగుతుంటే సరిపోయిందని.

గద్ద కన్నా పెద్ద శత్రువు

ఇంత జాగ్రత్తగా పెంచిన కోళ్లు నాలుగు రోజుల్లో తుడిచిపెట్టుకుపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పేరు కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్‌ వ్యాధి అంటారు. ఆకుపచ్చగా, తెల్లగా పారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, రెక్కలు జారేయడం, మెడ మెలితిరిగిపోవడం దీని లక్షణాలు. కొన్ని అయితే ఏ లక్షణమూ కనిపించకుండానే పొద్దున్నకల్లా చచ్చిపడి ఉంటాయి. ఇది వైరస్‌ వల్ల వచ్చేది. వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి, మాత్రల పొడి ఏం మింగించినా ఆగదు.

మా వీధి చివరింట్లో కూలికి వెళ్లే ఒకామె ఉంది. కూతురి ఇంటర్‌ ఫీజు కోసమని చిన్నా పెద్దా కలిపి ఇరవై మూడు కోళ్లను కూడబెట్టింది. మూడేళ్ల కిందట ఎండలు ముదిరేవేళ తెగులు వచ్చి నాలుగు రోజుల్లో పదిహేడు పోయాయి. మిగిలిన ఆరింటినీ కోళ్ల బేరగాడు సగం ధరకు పట్టుకుపోయాడు. "గద్ద తన్నుకుపోతే ఒకటి పోయిందని ఏడుస్తాం. ఇదేంటమ్మా, గంపకి గంపే పోయింది" అందామె. ఆ ఏడాది ఫీజుకు వడ్డీకి తెచ్చింది.

ఈ తెగులుకు టీకా ఉంది. కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. ఫారాల వాళ్లు క్రమం తప్పకుండా వేయిస్తారు. మరి ఆమె కోళ్లకు ఎందుకు పడలేదు?

వంద చుక్కల సీసా

కారణం చాలా చిన్నది. టీకా సీసా చిన్నదైనా సాధారణంగా వంద కోళ్లకు సరిపడా ఉంటుంది. పొడిని దానితో ఇచ్చే నీళ్లలో కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. మిగిలితే దాచుకోవడానికి లేదు. కలపకముందు కూడా చల్లగానే ఉంచాలి, ఎండలో చేతిసంచిలో పెట్టుకు తెస్తే పనిచేయదు. పది కోళ్లున్న ఇల్లాలు వంద చుక్కల సీసా కొని తొంభై చుక్కలు పారబోయాలా? అందుకని ఎవరూ కొనరు. అడిగేవాళ్లు లేరని ఊళ్లోకి ఎవరూ తేరు.

ఆ వేసవి తర్వాత మా డ్వాక్రా సంఘంలో ఈ మాట ఎత్తాం. "వాళ్ల కోళ్లకి రోగమొస్తే మనకేంటి? మావి మా దొడ్డి దాటవు" అని ఒకావిడ తప్పుకోబోయింది. మా పెద్ద పిన్నిగారు "కోడికి గోడేం తెలుసమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు కానీ ఆ మాటతోనే పని మొదలైంది.

పదకొండు ఇళ్లు తిరిగి లెక్క రాస్తే పెద్ద కోళ్లు తొంభై ఒకటి, పిల్లలు డెబ్భై రెండు తేలాయి. రెండు సీసాలకు సరిగ్గా సరిపోయే లెక్క. పశువుల డాక్టరుగారిని కలిసి రోజు ఖాయం చేసుకున్నాం. థర్మాస్‌ ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి సీసాలు తెచ్చాం. తెల్లవారుజామున గూళ్లు తెరవకముందే మొదలుపెడితే కోళ్లను తరమాల్సిన పనిలేదు. పెద్దవాటికి ఆసుపత్రి నుంచి వచ్చిన అబ్బాయి రెక్క కింద సూది వేశాడు. పిల్లలకు కంట్లో చుక్క వేయడం మాకు చూపించాడు. ఒకరు పట్టుకుంటే ఒకరు వేయవచ్చు, చుక్క కంట్లో ఇంకేదాకా పిల్లను వదలకూడదు. ఎండెక్కేలోపు అన్ని ఇళ్లూ అయిపోయాయి. ఖర్చు కోడికింతని పంచుకుంటే ఏ ఇంటికీ రెండు మూడు గుడ్ల ఖరీదు మించలేదు.

వరస ఇలా గుర్తుపెట్టుకోండి. పుట్టిన 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. నెల రోజులకు మళ్లీ ఓసారి. 8 వారాలు దాటాక ఆర్‌2బి సూది, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి. ఈ సూదిమందు చిన్నపిల్లలకు వేయకూడదు. జబ్బుగా ఉన్న కోడికి ఏ టీకా వేయకూడదు. కోళ్ల మసూచికి వేరే టీకా ఉంది, ఎప్పుడు వేయించాలో డాక్టరునే అడగండి.

మాకు అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. రెండో వేసవిలో కాలవ అవతల వీధికి తెగులు వచ్చినప్పుడు మా వీధిలో టీకా పడిన కోళ్లు నిలబడ్డాయి. టీకా రోజు తర్వాత పుట్టిన పిల్లలు మాత్రం తొమ్మిది పోయాయి. అప్పటినుంచి ఎవరింట్లో ఎప్పుడు పొదుగుకు పెట్టారో సంఘం పుస్తకంలోనే రాస్తున్నాం. వీలైనంత వరకు అందరూ ఒకే వారంలో పొదుగుకు పెడుతున్నాం. పిల్లలన్నీ ఒక్కసారే దిగితే మళ్లీ ఒక్క సీసా సరిపోతుంది.

తెగులు వచ్చిందని తెలిస్తే

భయపడి అయినకాడికి అమ్మేయకండి. ఆ బేరగాడి గంపే తెగులును పక్క ఊరికి మోస్తుంది. జబ్బు కోళ్లను వేరుగా మూసిపెట్టండి. చచ్చినవాటిని కాలవలో పారేయకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. సంత నుంచి కొన్న కోడిని రెండు వారాలపాటు విడిగా ఉంచి, ఆ తర్వాతే మందలో కలపండి.

2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చి ఫారాలు ఖాళీ అయిపోవడం మేం కళ్లారా చూశాం. ఏ తెగులైందీ పైకి చూసి మనం తేల్చలేం. కోళ్లు ఒక్కసారిగా చావడం మొదలైతే వట్టి చేతులతో ముట్టుకోకుండా, వండుకోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.

సంక్రాంతి దగ్గరపడితే డేగ, కాకి, నెమలి అంటూ పుంజుల రంగులు మా మగవాళ్లు గడగడా ఒప్పజెబుతారు. పందేనికి చట్టం ఒప్పుకోకపోయినా ఆ పుంజుకు బాదంపప్పులు పెడతారు. ఇంటిని నడిపే పెట్టకు ఒక్క చుక్క మందు వేయించే బాధ్యత మాత్రం మనదే అవుతోంది. కానివ్వండి, మన డబ్బులు కాబట్టి మనమే చూసుకుందాం.

ఈసారి సంఘం సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక అయిదు నిమిషాలు ఆగండి. ఎవరింట్లో పెట్టలెన్ని, పుంజులెన్ని, పిల్లలెన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. వందకు దగ్గరగా వస్తే ఆ కాగితం పట్టుకుని మర్నాడే పశువుల ఆసుపత్రికి వెళ్లండి. వంద రాకపోతే పక్క వీధి సంఘాన్ని పిలవండి. ఎండలు ముదరకముందే ఈ పని అయిపోవాలి.