ఒక సెంటు ఓడ

1955లో 'ఫారెస్టల్' విమానవాహక నౌక అమెరికా నౌకాదళంలో చేరిననాడు ప్రపంచంలో అంతటి యుద్ధనౌక మరొకటి లేదు. పొడవు వేయి అడుగులకు పైమాటే. 2013 అక్టోబరులో ఆ నౌకను ముక్కలు చేసే పనిని టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ రేవుకు చెందిన ఒక సంస్థకు ప్రభుత్వం అప్పగించింది. కుదిరిన వెల ఒక సెంటు. ఆ సెంటునైనా సంస్థ ప్రభుత్వానికి ఇవ్వలేదు, ప్రభుత్వమే సంస్థకు ఇచ్చింది! తుక్కు అమ్మగా వచ్చే సొమ్మంతా ఓడను లాగుకొని పోవడానికి, కూలీలకు, విషపదార్థాలను తొలగించడానికి సరిపోతుందని లెక్క తేలినది.

అదే కాలంలో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ముసలి సరుకు ఓడలను టన్నుకు నాలుగు వందల డాలర్లకు అటూ ఇటూగా కొనుక్కుంటున్నారు. రెండు చోట్లా దొరికేది ఉక్కే. వెలలో ఇంతటి అంతరం ఎక్కడినుండి వచ్చినది?

కొంత భాగం ప్రకృతి ఇచ్చినదే. భావనగర్ జిల్లాలోని అలంగ్ ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున ఉన్నది. అక్కడ ఆటుపోట్ల తేడా పది మీటర్ల వరకు ఉంటుంది. మన విశాఖ తీరంలో రెండు మీటర్లు కూడా ఉండదు. పెద్ద పోటు వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజులలో ఓడను పూర్తి వేగంతో ఒడ్డుమీదికి తోలుతారు. నీరు వెనుకకు తీయగానే ఆ మహాకాయం బురదనేల మీద నిలిచిపోతుంది. కోట్ల ఖర్చుతో డ్రైడాక్ కట్టవలసిన పని లేదు. 1983లో మొదలైన ఈ వృత్తిలో అలంగ్ నేడు ప్రపంచంలోని అతి పెద్ద కేంద్రాలలో ఒకటి.

దీనివలన కలిగే మేలు చిన్నది కాదు. ఓడ బరువులో తొంభై శాతానికి పైగా తిరిగి ఉపయోగపడుతుంది. ఖనిజం నుండి ఒక టన్ను ఉక్కు తీయడానికి ఒకటిన్నర టన్నుల ఇనుప రాయి, ముప్పాతిక టన్నుకు పైగా బొగ్గు కావాలి. సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఓడ పలకలకు ఆ బాధ లేదు. వాటిని కరిగించనైనా కరిగించకుండా, కొలిమిలో ఎర్రగా కాల్చి రోలింగు మిల్లులో కడ్డీలుగా సాగదీస్తారు. ఇందులో ఒక లోపం లేకపోలేదు. కరిగించనందువలన ఉక్కులోని కర్బనం, గంధకం పాళ్లను సరిదిద్దే అవకాశం ఉండదు. ఏ పలకలో ఏ పాళ్లున్నవో ఆ కడ్డీలోనూ అవే ఉంటవి. ఇక ఓడలోని మంచాలు, కుర్చీలు, వంటపాత్రలు, ప్రాణరక్షక పడవలు అలంగ్ దారి పొడవునా దుకాణాలలో అమ్ముడుపోతవి. పారవేయడమంటే ఎరుగని సంత అది.

అయితే ఓడ అంటే ఉక్కు మాత్రమే కాదు. పాత ఓడల బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ ముట్టుకుంటే పొడి రాలుతుంది. ఊళ్లలో ఇళ్లకు వేసే రేకులలో అయితే ఆ నారను సిమెంటు పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ కట్టు ఉండదు. ఊపిరితో లోపలికి పోయిన నార ఇరవై, నలభై ఏండ్ల తరువాత కాన్సరుగా బయటపడవచ్చు. ఒరిస్సా, బీహారు, ఉత్తరప్రదేశ్ పల్లెలనుండి వచ్చి నాలుగేండ్లు పనిచేసి వెళ్లిపోయిన కూలీకి తన జబ్బు ఏ ఓడలో అంటుకున్నదో తెలిసే మార్గం లేదు. ఏ ప్రమాదాల పట్టికలోనూ అతని పేరు ఉండదు. 2016 నవంబరు 1న పాకిస్తాన్‌లోని గడానీ తీరంలో నూనె ఓడ పేలి కనీసం 26 మంది మరణించినప్పుడు లోకమంతా విన్నది. ఈ నిదానపు మరణాలకు చప్పుడు లేదు.

రంగులోని సీసం గ్యాసుమంట తగలగానే ఆవిరియై కోసేవాని ముక్కులోకి పోతుంది. పాత విద్యుత్ తీగల తొడుగులలో పి.సి.బి.లనే క్లోరిన్ సమ్మేళనాలు ఉండవచ్చు. రాగి కోసం ఆ తీగలను బయట మంటలో కాలిస్తే, చాలినంత వేడిమి లేక, డయాక్సిన్ల వంటి మరింత ఘోరమైన విషాలు పుడతవి. ఓడ అడుగున నాచు, గవ్వలు పట్టకుండా పూర్వం పూసిన ట్రైబ్యూటైల్ టిన్ సంగతి వింతైనది. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లవ వంతు ఉన్నా కొన్ని జాతుల ఆడ నత్తలకు మగ లక్షణాలు వస్తవి! ఈ రంగును నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలుకు వచ్చినది. బురదలో చేరిన పెచ్చులను పోటునీరు ఎటు తీసుకొనిపోతుందో ఎవరు ఆపగలరు?

వెలలోని అంతరమంతా విషాలదే అనడం న్యాయం కాదు. యుద్ధనౌకను విడదీయడం సరుకు ఓడకంటే కష్టం. కూలి రేట్లు వేరు. కడ్డీలకు భారతదేశంలో గిరాకీ ఎక్కువ. కాని బ్రౌన్స్‌విల్‌లో విషాన్ని తొలగించే ఖర్చు లెక్కలో కనబడుతుంది. అలంగ్‌లో అందులో పెద్ద భాగాన్ని చాలాకాలం కూలీల ఊపిరితిత్తులు, ఖంభాత్ బురద భరించినవి.

ఈ సంగతి గుర్తింపుకు రాకపోలేదు. బాల్టిమోర్ సన్ పత్రిక 1997లో ప్రచురించిన వ్యాసాల తరువాత అమెరికా నౌకాదళం తన పాత ఓడలను ఆసియాకు పంపే యోచన విరమించుకున్నది. అలంగ్‌కు బయలుదేరిన ఫ్రెంచి నౌక 'క్లెమెన్సో'ను 2006లో దారిలోనుండి వెనుకకు పిలిపించవలసి వచ్చినది; చివరకు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో దానిని విడదీశారు. 2009లో కుదిరిన హాంగ్‌కాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమలుకు వచ్చినది. ప్రతి ఓడా తనలోని విషపదార్థాల పట్టికను వెంట ఉంచుకోవాలి. భారతదేశం 2019లోనే అందులో చేరి చట్టం చేసింది. అలంగ్‌లో పలు యార్డులు కాంక్రీటు నేలలు, క్రేనులు సమకూర్చుకున్నవి. ఓడను బురద ఒడ్డుకు తోలే పద్ధతిని మాత్రం ఒప్పందం నిషేధించలేదు. ఓడ యజమానులకు మరొక తప్పించుకునే దారి కూడా ఉన్నది. ఐరోపా నియమాలు ఓడ జెండాను బట్టి వర్తిస్తవి గనుక, ఆఖరి ప్రయాణానికి ముందు ఓడను దళారికి అమ్మి, కొమొరోస్ వంటి చిన్న దేశపు జెండా ఎగురవేయడం మామూలు.

కొత్త ఓడలలో ఆస్బెస్టాస్‌ను సంపూర్ణంగా నిషేధించినది 2011 జనవరి 1 నుండి. ఓడ ఆయుష్షు ఇరవై అయిదు, ముప్పై ఏండ్లు. రాబోయే పదేండ్లలో తీరానికి చేరే ఓడలలో చాలా భాగం ఆ తేదీకి ముందు కట్టినవే.